మూడో కోచ్

మొదటిసారి బిర్యాని పొట్లం కోసమే పోయిన.
ఖాళీ కుర్చీలు టీవీల కనపడొద్దని
సోహార్ క్యాంపుల మమ్మల్ని బస్సెక్కించిండ్రు.
ఇప్పుడు పొట్లం లేదు, బస్సు లేదు.
రియాలు పెట్టి నేనే పోతున్న.

ఈ యేడు ఇతను మూడో కోచ్.
వచ్చినోడల్లా గడ్డినే తిడతడు.
ఆ గడ్డికి నీళ్లు పట్టేది మా రూము లక్ష్మీరాజం,
నలభై ఎనిమిది డిగ్రీల ఎండల.
గడ్డి మంచిగనే ఉన్నది సారూ,
మీరు కొనుక్కొచ్చిన బ్రెజిలాయనే ఉరుకుతలేడు.

గోలీ యాఖూబ్‌కు నాలుగు నెలల జీతం రాలేదట.
అయినా దుంకుతడు,
మోచేతులు చెక్కుకపోయేటట్టు.
జీతం ఆగినోని దుంకుడు నాకెరుకే.

రాత్రి రూముకొచ్చి, "మళ్ల ఓడినం" అన్న.
"ఓడినమా? అండ్ల నువ్వెవలు?"
లక్ష్మీరాజం పైపు చుట్టుకుంట నవ్విండు.

వచ్చే శుక్రారం రియాలు
దిండు కింద పెట్టి పండుకున్న.