మీటరు పెట్టె

మీటరు పెట్టె మూత లోపల
పిడికెడు మట్టిగూడు, అయిదు గదులు.
మల్కాపురంలో మట్టి కూడా పూర్తిగా మట్టి కాదు,
సగం పోర్టు బొగ్గుపొడి.
పక్కింటి ఏసీ గొట్టం కారే చోట తడిపి, ఉండచేసి
ఎన్నిసార్లు తిరిగిందో కందిరీగ.

"తీసీకే పిల్లా,
కందిరీగ గూడెడితే ఇంట్లో నీళ్ళోసుకుంటారు"
అంది ఎర్నమ్మత్త.
ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నేనని
ఆవిడకి గుర్తుచెయ్యలేదు.

బళ్ళో మాస్టారు చెప్పేవారు:
పురుగుని తెచ్చి గూట్లో మూసి
పైన ఝుమ్మంటూ తిరిగితే
వినీ వినీ పురుగే కందిరీగవుతుందట.
భ్రమరకీట న్యాయం, రెండు మార్కులు.
నైట్ డ్యూటీ దిగొచ్చి నిద్రపట్టక
నేను చూసింది వేరు.
పచ్చపురుగు చావలేదు. కదల్లేదు.
ఎవరో తినడానికి తాజాగా ఉంది.

ఆదివారం మిట్టమధ్యాహ్నం
ఇంకొకతె వచ్చింది.
నెమలిమెడ రంగు,
ఒళ్ళంతా సూదితో పొడిచినట్టు గుంటలు,
గుంట గుంటకీ ఒక మెరుపు.
తల్లి చూసింది, పట్టుకుంది, కొరికింది.
అది తోక తలకానించి
పూసలా ముడుచుకుపోయింది.
పంటికి దిగని పూస.
విసిరేస్తే నా స్కూటీ సీటు మీద పడి
చచ్చినట్టే ఉంది,
తల్లి మట్టికి వెళ్ళేదాకా.

తర్వాత లేచింది. తీరిగ్గా పైకెళ్ళి
ఆరిన గోడని ఉమ్మితో నానబెట్టి
కన్నం చేసి, తోక దించి,
మళ్ళీ మెత్తింది,
అతుకు తెలియకుండా.
అప్పుడే చీపురు తీసుకుని ఉండాల్సింది.
చెయ్యి లేవలేదు.

ఈ క్వార్టరు కాగితాల్లో కోలా గురువులుది.
నెలనెలా అద్దె ఫోన్‌లో వేస్తాను.
ఎస్టేటు ఇన్‌స్పెక్టరొచ్చిన రోజు
"ఆరి తోడల్లుడి కూతుర్నండి" అని
గుమ్మంలో ముడుచుకుని నిలబడ్డాను.
ఆయన గోడలు చూశాడు, తట్టాడు, వెళ్ళిపోయాడు.

వానలు పడ్డాక నాలుగు గదుల్లోంచి
పసుపునడుము కందిరీగలొచ్చాయి.
అయిదోది ఆలస్యం.
అదీ వచ్చింది ఒక తెల్లారుజామున,
తడి ఆరని నెమలిమెడతో.
లోపల తల్లి బిడ్డ తాలూకు
ఒక్క తొక్క మిగిలింది.

"పుట్టిందా?" అంది ఎర్నమ్మత్త గోడవతల నుంచి.
"పుట్టింది."

రీడింగు కుర్రాడు మూత తెరిచి
వెనక్కి గెంతాడు.
"ఇది కుట్టదు, రాసుకో" అన్నాను.
రాసుకున్నాడు. చీటీ చింపి ఇచ్చాడు.
పేరు దగ్గర
ఎప్పట్లాగే గురువులు.