పదకొండో మెట్టు

తంబుచెట్టి వీధి ఆఫీసుకి మెట్లు పదిహేడు.
పదకొండోది ఊగేది.
పాత కక్షిదార్లు దాన్ని దాటేసి ఎక్కేవాళ్ళు.
పోలీసులు మాత్రం ఎన్నిసార్లొచ్చినా
సరిగ్గా దానిమీదే కాలేసేవాళ్ళు.
ఆ కిర్రుమన్నంత సేపు చాలు నాకు,
కరపత్రాల కట్టని లా రిపోర్టుల వెనక్కి తోసేయడానికి.

నఫ్తాలి కాస్టియెల్ గారి గుమాస్తాని నేను.
మా నాన్న పులియాంతోపులో కార్పొరేషను చెత్తబండి తోలాడు.
కరువుకి నెల్లూరొదిలిన వాళ్ళం.
ఆయన కొచ్చి వదిలిన యూదుడు.
మా పేటలో బైబిలు చదివే ఎస్తేరమ్మ
ఆయన్ని నెత్తి నుంచి చెప్పులదాకా చూసి
"మీవాళ్ళు పుస్తకంలో ఉంటారు గదయ్యా,
ఈడికెట్టా వచ్చినారు?" అంది.
"పడవలో" అన్నాడు.

ఫీజుల పద్దు నా చేతిరాతే.
ట్రాము కండక్టరు: నాలుగణాలు, మిగతా బాకీ.
తోళ్ళ మండీ కూలీలు: మునక్కాయలు, ఒక కట్ట.
రేవు కళాసీ: ఎండు రొయ్యలు
(అవి ఆయన తినకూడదు. మా ఇంట్లో రెండు పూటలు).

శుక్రవారం పొద్దు వాలితే
కలం మూత బిగించి నా చేతికిచ్చేవాడు.
శనివారం చుక్కలు పొడిచేదాకా అది నాది.
రహస్య మీటింగులో ఎవరో నవ్వారు,
"కామ్రేడుకి దేవుడింకా జీతమిస్తున్నాడు!"
ఆయనా నవ్వాడు.
కలం మాత్రం వెనక్కి అడగలేదు.

పాకీవాళ్ళ సమ్మెకి డిమాండ్లు రాసిన రాత్రి
లాంతరు చుట్టూ ఆడవాళ్ళు చెబుతున్నారు,
సబ్బు, చీపురు, పురిటికి సెలవు.
"వారంలో పని లేని రోజు ఏది మీకు?"
ప్రశ్నే అర్థం కాలేదు ఎవరికీ.
"చచ్చిన రోజు" అంది ఎస్తేరమ్మ చివరికి.

ఆయన కాగితం చించేసి
కొత్తదాని పైన, అన్నిటికంటే పైన,
వారానికో రోజు సెలవు, అని రాశాడు.
కూలి రేటు ముందుండాలన్నాడు కార్యదర్శి,
నీ మతం దొంగదారిన దూరుతోందన్నాడు.
"సరుకు మంచిదైతే దారితో ఏం పని?"

ఆరో రోజు, శుక్రవారం రాత్రి,
కాలవ వంతెన దగ్గర జిగురు డబ్బాతో దొరికాను.
జేబులు తడిమారు.
రెండు బీడీలు, ట్రాము టికెట్టు, ఫౌంటెన్ పెన్ను ఒకటి.
చిట్టా రాసుకున్నారు.
నేను గోడకి జారగిలబడి లెక్కేసుకున్నా.
రేపు శనివారం. ఎల్లుండి కోర్టు లేదు.
సోమవారం దాకా నా వీపు వాళ్ళది.

పొద్దున పదకొండింటికి ఎగ్మూరు కోర్టు వరండాలో
చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఆయన.
పగడాల వీధి నుంచి నడిచొచ్చాడు.
ట్రామెక్కలేదు,
అదొక్కటీ మిగుల్చుకున్నాడు.

బంట్రోతునడిగి పుల్లకలం పుచ్చుకుని
కిటికీ గట్టుమీద కాగితం పరిచి
కాసేపు ఊరకే నిలబడ్డాడు.
కటకటాల్లోంచి నాకు వీపే కనబడుతోంది.
ఆ వీపు ఒక్కసారి ముందుకి వంగింది.

"పంచాలయ్యా!" అని పిలిచాడు బంట్రోతు.
ఎవరూ పలకలేదు.
మళ్ళీ పిలిచాడు.
మూడోసారికి తెలిసింది, నేనే.
నాలుగేళ్ళు తన పక్కన కూర్చున్నవాడి పేరు
తప్పు రాశాడు ఆ మనిషి.
నేను దిద్దలేదు.
పెంచలయ్య ఇంకా ఆ లాకప్పులోనే ఉన్నాడు కావచ్చు,
బయటికొచ్చింది పంచాలయ్య.

సమ్మెకి సబ్బొచ్చింది, నెలకి అరబిళ్ళ.
సెలవు రాలేదు.
పెన్ను సాక్ష్యాల గదిలోనే ఉండిపోయింది.

మళ్ళీ శుక్రవారం పొద్దు వాలింది.
రోజులాగే కాగితాలు సర్ది
ఆ బంట్రోతు పుల్లకలాన్నే గుడ్డతో తుడిచి
చెయ్యి చాచాడు నావైపు.
కళ్ళెత్తలేదు.
నేనూ ఏమీ అనలేదు.
చెవి సందున పెట్టుకుని
పదకొండో మెట్టు దాటేసి దిగాను.