వానచప్పుడు

శుక్రవారం పొద్దున విడుదల,
రాత్రి తొమ్మిదికల్లా నా ఫోన్లకు దిగింది సినిమా.
ఒకటిన్నర జీబీ.
రోజు కోటాల ఇంకా కొంచెం మిగిలింది గూడ.

కృష్ణానగర్‌ల మూడో అంతస్తు, రేకుల గది, నలుగురం.
చప్పుడు పెద్దగైతదని
రాజమల్లు ఫోన్‌ను స్టీలు గిలాసల నిలబెట్టిండు.
ఎవడో హాల్ల దొంగచాటుగ పట్టిన బొమ్మ.
ఒక దిక్కు ఒరిగిన తెర,
హీరో మొఖం మీంచి
సమోసాలు పట్టుకొని పోతున్న తల నీడ.
మాకు నవ్వొచ్చింది.

పక్కగది సైదులన్న తలుపుకాడ ఆగిండు.
సినిమాలకు చప్పుళ్లు చేసేటాయన.
తెర మీద ఎవరు నడిచినా కాళ్లు ఆయనయే.
లుంగీ ఎగ్గట్టి, హీరోయిన్ గజ్జెలు కట్టుకొని
ఇసుక తొట్టిల దొంగలెక్క నడుస్తడు.
"ఇది నేను చేసిందే" అన్నడు మెల్లగ,
పెండ్లిల దూరపు చుట్టం చెప్పుకున్నట్టు.

సరిగ్గ అప్పుడే సినిమాల వాన మొదలైంది.
ఆ వానకు పదకొండు రాత్రులట.
రేకు మీద కందిపప్పు పోసి చూసిండట, కాలేదు.
బియ్యం పోస్తే వడగండ్లయినయట.
ఆఖరికి పాత ఎక్స్‌రే షీటు మీద
సగ్గుబియ్యం, వేళ్ల సందులకెల్లి, గింజ గింజ.
"ఆగుండ్రి, ఇప్పుడు చూరు నుంచి ఒక చుక్క జారుతది."

ఆ చుక్క మీద ఎవడో దగ్గిండు.
ముక్కూ మొఖం తెల్వనోడు,
రెండుసార్లు.

సైదులన్న ఏమనలేదు.
పైసలింకా రాలేదట, సినిమా ఆడితే ఇస్తమన్నరట.
పోయిన సినిమా ఆడింది,
అప్పుడు గూడ రాలేదు.

ఆ రాత్రి లెక్కలేసుకున్న.
మాల్‌ల టికెట్ మూడొందలు, పేలాలు నాలుగొందలు,
దినమంత పార్సిళ్లు మోస్తే నాకు ఏడొందలు.
నిర్మాతకు జూబ్లీహిల్స్‌ల ఇల్లుంది,
నేను ముంచింది ఎవర్ని?
ఎన్నిసార్లు వేసినా లెక్క కుదిరింది.
కుదిరినకొద్దీ ఆ దగ్గు వినొచ్చింది.
దగ్గినోడు మాత్రం
టికెట్ కొనుక్కొనే దగ్గిండు.

ఆదివారం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ పోయిన.
ముందు వరుస, డెబ్బై రూపాయలు.
వానొచ్చినప్పుడు కండ్లు మూసుకున్న.
చూరు నుంచి చుక్క జారింది.
మెడ మీద పడ్డట్టు భుజాలు ముడుచుకున్న.

ఆయన పేరు చూద్దామని ఆఖరుదాకా కూసున్న.
పేర్లు మొదలైనయో లేదో
లైట్లేసిండ్రు, తలుపులు తీసిండ్రు.
చీపురు పట్టుకున్న అవ్వ
"లే బిడ్డా, ఇంకో ఆటుంది" అన్నది.
మేకప్పోళ్ల పేర్లకాడ తెర ఆరిపోయింది.

డెబ్బై రూపాయలల్ల నీకెంతొస్తదన్నా అని
సైదులన్ననే అడిగిన.
"నాకా? చుక్క గూడ రాదు" అని నవ్విండు.
"విన్నవు గద, ఎట్లుంది?"

ఫోన్ల ఆ ఫైలు ఇంకా తీసెయ్యలేదు.
ఆ మాట చెప్పలేక
"తడిసినన్నా" అన్న.