చూశాక కాదు

వూచ్‌లో ఫిబ్రవరి. కిటికీ నిండా మంచు.
అరవై ఒకటో లెవెల్లో
కాజిక్ నూట నలభయ్యోసారి చచ్చాడు.

తలుపు తెరుచుకోవడానికీ బండ పడడానికీ మధ్య
రెప్పపాటులో సగం.
ఆ సగంలోంచి దూరాలి.

మిల్లు నుంచి వచ్చిన హాలీనా
కోటు విప్పకుండానే నిలబడి చూసింది.
ముప్ఫై ఏళ్ల మరమగ్గాలు ఆమె చెవుల్ని తినేశాయి;
లెక్క మాత్రం వేళ్లలో మిగిలింది.
బల్ల మీద తడుతోంది:
టక్కు, టక్కు, టక్కు, ఖాళీ.

"చూశాక నొక్కుతున్నావురా.
నాడె కంటపడేసరికే పోగు తెగిపోయి ఉంటుంది.
ఖాళీ కంటే ముందే చెయ్యి కదలాలి."

వాడు కళ్లు మూసుకున్నాడు.
టక్కు, టక్కు,

బండ చప్పుడు వాడి వెనకాల వినిపించింది.
ఆమెకు వినపడలేదు.
అప్పటికే వంటింట్లో బీట్‌రూట్ సూపు కలుపుతోంది.