మబ్బు కడుపులో మంచు

ఆరో రోజు కూడా
వీధి మైకు గొంతు సవరించుకుని
"ఇవాళ లేదు" అంది.
కుక్కర్ మూత తియ్యబోయి ఆగాను.
రాత్రికి మళ్ళీ ఎనిమిది మందికి వండాలి.

కింద చినుకు లేదు, గాలి లేదు,
ఆరేసిన దుప్పట్లు దండెం మీద బద్ధకంగా వేలాడుతున్నాయి.
పైనెక్కడో మబ్బు కడుపులో
మంచు పొర ఉందట.
రాకెట్ దాన్ని చీల్చుకుపోతే
లేని పిడుగు పుడుతుందట.
గానుగ పాకలో చెమటలు కక్కుతున్న మా మరిది యసుహికో
"మంచా!" అని నవ్వాడు,
గరిటె చివర నల్లబెల్లం పాకం తీగ సాగుతుండగా.

రేవులో పడవలూ కదల్లేదు.
ప్రయోగం ఉందంటే సముద్రం మూసేస్తారు,
లేదని చెప్పేసరికి చేపల వేళ దాటిపోతుంది.
మా తనెగషిమాలో ఈ వారం
రెంటికీ చెడ్డ రేవు.

నాకు మాత్రం,
నిజం చెప్పాలంటే,
వాయిదా పడ్డ ప్రతి రోజూ నాలుగు డబ్బులు.
పైకి "అయ్యో" అంటాను, పరుపులు పరుస్తాను.
మబ్బుకి దండం పెట్టలేదు.
పెట్టలేదని గట్టిగా చెప్పలేను కూడా.

దిగినవాళ్ళంతా కెమెరాల వాళ్ళు,
ఒక్క ఇవాకురా గారు తప్ప.
ఒసాకాలో లేత్ మిషన్ ముందు నలభై మూడేళ్ళు.
ఆ రాకెట్లో ఎక్కడో ఆయన చెక్కిన ఉంగరం ఒకటుంది,
బొటనవేలికి వదులు, మణికట్టుకి ఇరుకు.
అదేం చేస్తుందని అడిగాను.
"ఏమీ చెయ్యదు.
అంతా అదురుతుంటే తను అదరకుండా ఉంటుంది."
అది ఇచ్చిన ఏడాదికే షెడ్డు అమ్మేశారట.

రెండో రాత్రి నిద్రపట్టక
మా కొళాయి చుక్కలు లెక్కపెట్టారు:
నిమిషానికి పదకొండు.
తెల్లారేసరికి అది కారడం మానేసింది.
ఆ తర్వాత ఆయన్ని ఆపడం నా వల్ల కాలేదు.
మా ఆయన పోయాక అటకెక్కిన పనిముట్ల పెట్టె
నేనే దించి ఇచ్చాను,
ఇచ్చి కాసేపు పెరట్లో నిలబడ్డాను.
గోడగడియారం నడిచింది. సొరుగు మూసుకుంది.
కెమెరాల వాళ్ళు ఆకాశం కేసి చూస్తున్నంతసేపూ
ఆయన చూపు మరల మీదే.

శుక్రవారం దాకే
ఆయన భార్యని ఆ కేంద్రంలో ఉంచుకుంటారు.
ఆవిడకి ఈయన పేరు గుర్తులేదు,
అడుగుల చప్పుడు గుర్తుందట.
"ఇంక ఆగలేను" అన్నారు,
క్షమాపణ నాకు చెబుతున్నట్టు.

తెల్లవారుజామున ఓడ.
ఆ చీకట్లోనే వసారా జారుడు తలుపు ఊడదీశారు.
ఇరవై ఏళ్ళుగా అది తీస్తే
పక్కింటి కుక్క లేచేది.
ఇత్తడి చక్రాన్ని అరచేతిలో తిప్పి
"అర మిల్లీమీటరు" అన్నారు, తిట్టినట్టు.
భోజనం పొట్లం చేతికిస్తే
రెండు చేతులా పుచ్చుకుని
ఒక్కసారి కూడా పైకి చూడకుండా వెళ్ళారు.

మధ్యాహ్నం మూడింటికి మబ్బు విడింది.
ఎవరికీ చెప్పకుండా, అలా.

మైకు అంకెల్ని వెనక్కి లెక్కపెడుతుంటే
పిండి చేత్తోనే ఫోన్ తిప్పాను.
కగొషిమా స్టేషన్లో
నూడుల్స్ ముందు కూర్చుని ఉన్నారట.
"పెట్టెయ్యకండి" అని
రిసీవరు వైరు సాగినంతా సాగదీసి
వసారా తలుపుని ఒక్క వేలితో తోశాను.

చెరకు తోట వెనక వెలుగు లేచింది,
చప్పుడు ఇంకా రాలేదు.
వెలుగుకీ చప్పుడుకీ నడుమ మా ఇంటికి
ఇరవై అంకెలు,
చిన్నప్పటి లెక్క.
పదమూడు దగ్గర ఆయన గొంతు:
"తలుపు తీశారా?
వినపడలేదే."
"తీశాను."
"ఊఁ" అన్నారు.

అప్పుడు
కిటికీ అద్దాలు మొదలయ్యాయి.