ఇసక బకెట్టు

రొయ్యపిల్లకి గాలి పోసి కట్టాల.
ఇసకపల్లి హేచరీలో తొమ్మిదేళ్లు అదే పని నాది.
సంచిలో మూడోవంతు నీళ్లు, మిగతాదంతా ఆక్సిజన్,
రెండు రబ్బరు బ్యాండ్లు, థర్మాకోల్ పెట్టె, ఐసు ముక్క.
మద్రాసులో విమానమెక్కి
ఏ గుజరాత్ చెరువులోనో ఒళ్లు విరిచేది.

ఇప్పుడు నెల్లూరు ట్రంకు రోడ్డులో కొరియర్ కౌంటరు.
బ్యాటరీకి గాలి పొయ్యక్కర్లా.
దాని ఊపిరి దాని కడుపులోనే ఉండాది,
మూత బిగిస్తే చచ్చే మంట కాదది.

అందుకే అడుగుతా, విసుక్కున్నా సరే:
కొత్తదా? కిందపడిందా? ఛార్జి ఎంత?
ముప్పై శాతం దాటితే వాడుకుని తీసుకురా అంటా.
మొనలకి టేపేసి, ఒక్కోదాన్ని ఒక్కో కవర్లో,
పెళ్లి పంక్తిలో పగవాళ్లని కూర్చోబెట్టినట్టు
ఎడంగా సర్దుతా.

నిన్న మధ్యాహ్నం, కరెంటు లేని వేళ,
అల్లూరు చెరువులకి డ్రోనుతో మేత చల్లే పెంచలప్రసాదు
అట్టపెట్టె తెచ్చాడు. పైన 'పిల్లల బొమ్మలు' అని రాసి.
ఎత్తి చూశా. ఏ బొమ్మకీ ఈ బరువుండదు.
తెరిచా. నాలుగు పలకలు.
మూడు చదును. నాలుగోది పెనం మీది పుల్కా.
తియ్యటి వాసన,
గోళ్లరంగు సీసా మూత తీసినట్టు.

"ఉప్పునీళ్లలో పడిందక్కా, ఆరబెట్టా.
బెంగుళూరులో బాగుచేస్తారంట.
రేపటికల్లా చేరాల. విమానంలో ఎయ్యి."

నేనేం అరవలా.
కౌంటరు కింద మైపాడు ఇసక బకెట్టుండాది,
డ్రైవర్లు సిగరెట్టు పీకలు గుచ్చేది.
పీకలు ఏరేసి, పలకని రెండు చేతుల్తో
నిద్రపోయే బిడ్డని దించినట్టు దించి
ఇసక కప్పి, పెరట్లో
గోడకి దూరంగా పెట్టొచ్చా.

"పదకొండు వేలక్కా" అన్నాడు.
తర్వాత చాలాసేపు ఏమీ అన్లా.
టీ తెప్పించా. చల్లారిపోయినాక తాగాడు.

ఆరున్నరకి బండొచ్చింది.
వాడి మిగతా మూడూ ఎక్కించలా,
అవీ అదే నీళ్లలో పడినయ్యేమో ఎవురికి తెలుసు.
పొగ రాలా. ఏదీ పేలలా.
"చూశావా, ఏం కాలేదుగా" అని
ఖాళీ పెట్టె చంకన పెట్టుకుని పోయాడు.

రాత్రి పదకొండుకి మళ్లీ వచ్చా, తాళం తీసుకుని.
పైన ఎర్ర దీపం మిణుకుతా
ఏదో విమానం మద్రాసు వైపు పోతా ఉండాది.
ఇసక మీద అరచెయ్యి ఆనించా,
సంచి కట్టే ముందు
రొయ్యపిల్ల నీళ్లు చూసినట్టు.
చల్లగానే ఉండాది.
ఇంకాసేపు తియ్యలా.