రెండు సూతుల సందు

రోడ్డు వెడల్పు చేసేటోళ్లు
నా ప్రహరీగోడ పట్టుకపోయిన్రు.
నా గడపకూ మోయిన్ చాయ్‌బండికీ నడుమ
ఇగ పదమూడడుగుల ఎండ తప్ప ఏం మిగల్లె.

ఇరవై రెండేండ్లు కండక్టరు కొలువు నాది.
మెహదీపట్నం మలుపుల్ల
ఏ కడ్డీ పట్టకుండ నిలబడి
చిల్లర లెక్కబెట్టిన కాళ్లు ఇవి.
తుంటి విరిగి, లోపల ఉక్కు బోల్టులేయించుకొని
ఇప్పుడు వాకిట్ల నడక నేర్చుకుంటున్న.
పడితే పడుత.
చాయ్ గ్లాసు చేతుల పట్టుకొని
ఎవ్వడు చూడొద్దు, అంతే.

"చెక్కతోని కట్టు ఈశ్వరయ్యా, ఆరడుగులెత్తు.
సూది దూరే సందు గూడ ఉండొద్దు" అన్న.

వడ్ల ఈశ్వరయ్య చెవి మీది పెన్సిలు తీసి
ఏం రాయకుండనే మళ్ల చెవి మీద పెట్టుకున్నడు.
"ఇది కిస్మత్‌పూర్ అక్కా. గుట్ట మీద ఇల్లు.
ఆషాఢం గాలి చెరువు దిక్కు నుంచి లేస్తె
నీ వాకిట్లకెల్లే బయటికి పోవాలె.
పలక పలకకు రెండు సూతులన్న ఇడువు."
నేను ఇడువనియ్యలె.

రోహిణి కార్తెల గుంతలు తవ్విన్రు.
అడుగున్నర దిగంగనే బండ.
ఈ పట్నంల ఏడ గీకినా బండనే గద.
మిషను పండ్లు కొరుక్కుంట మొత్తుకున్నది.
అఫ్రోజ్ పిలగాని నెత్తి మీద తడి తువ్వాల
పది నిమిషాలకే అప్పడమయింది.
మొలలు ఎండల పెడితే చెయ్యి కాలుతదని
నీళ్ల గిన్నెలేసి ఇచ్చిన.
ముషీరాబాద్ డిపో నుంచొచ్చిన నల్లమద్ది
ఇంకా పచ్చి వాసన కొడుతనే ఉంది,
దాని మీద అవిసె నూనె రెండు పూతలు.
మూడో నాటి పొద్దుగూకేసరికి
గోడ లెక్క నిలబడ్డది కంచె.
ఆ రాత్రే కర్ర ఇడిచి మూడడుగులేసిన.
ఎవ్వరు చూడలె.
నాకు నేనే చెప్పుకున్న: రైట్, రైట్.

ఎండకు పలకలు రాత్రంత
టప్పు టప్పుమని మెటికలిరిసేవి.
ఒకటి విల్లు లెక్క వంగింది.
నెల తిరగకముందే ఆషాఢమొచ్చింది.

మధ్యాహ్నం మూడింటికి లేసింది గాలి.
దుమ్ము కాదు, వాన కాదు, ఉత్త గాలి.
ఓవర్‌లోడు బస్సు ఎడమకు ఒరిగినట్టు
కంచె మొత్తం రోడ్డు దిక్కు ఒరగబట్టింది.
కర్ర ఎటు పారేసిన్నో యాదికి లేదు.
బస్సుల ఎన్నడు పట్టని కడ్డీ
ఆ పొద్దు పట్టుకున్న,
కంచె అడ్డపట్టీని రెండు చేతుల
నా దిక్కు గుంజుకుంట.
అది నా చేతుల్లకెల్లి ఊడి పోయింది.

కంచె పడ్డది.
నేను పడలె.

దుమ్ము అణగంగ అవతల ఏడుగురు,
ఏడు గ్లాసులు, నా దిక్కే చూస్తున్రు.
మోయిన్ స్టవ్ తగ్గించి వచ్చి
పలకల కింద చెయ్యి పెట్టి వెతికిండు.
"స్టూలు పోయిందక్కా" అన్నడు,
నన్ను తిట్టాల్నా గాలిని తిట్టాల్నా
తేల్చుకోలేక.

ఈశ్వరయ్య మళ్ల వచ్చిండు.
నేను చెప్పలేదా అననే లేదు.
బండలకే బోల్టులు దించి ఇనుప బూట్లు తొడిగి
గుంజలు నిలబెట్టిండు.
నా తుంటి ఎక్స్‌రేల అచ్చం ఇట్లనే ఉంటయి.
పలక పలకకు నడుమ ఒక పుల్లముక్క పెట్టుడు,
మొల కొట్టుడు, పుల్ల తీసుడు.
మోయిన్‌కు మిగిలిన చెక్కతోని స్టూలు చేసిండు,
పైసలు నా లెక్కల రాసుకున్నడు.

ఇప్పుడు పొద్దుగాల ఏడున్నరకు
సందులకెల్లి ఎండొచ్చి
వాకిట్ల గీతలు గీస్తది.
నిన్న తొమ్మిది గీతలు దాటిన.
ఇయ్యాల పదకొండు.
పన్నెండో గీత మీద ఎవనిదో నీడ,
అవతల నిలబడి చాయ్ ఊదుకుంటున్నడు.

"జరుగు నాయనా,
ముందుకు జరుగు" అన్న,
అలవాటు.